ఇరవై మూడో రాయి

పోయిన నెల మదురై వెళ్లి ఆండాళును చూసి వచ్చాను. ఆండాళు మా పెద్దనైన కూతురు, అంటే మా నాన్న అన్నగారి కూతురు. నాకంటే అయిదేళ్లు చిన్నది గానీ ఆమె మోకాళ్లు నాకంటే పదేళ్లు పెద్దవి. కోయంబత్తూరు నుంచి బస్సులో దారంతా నిలబడే వచ్చానని ఆమెతో చెప్పాను. నిలబడింది పల్లడం దాకానే. అక్కడ ఒక కాలేజీ పిల్ల లేచి సీటిచ్చింది, దిండిగల్ దాటేదాకా నోరు తెరుచుకుని నిద్రపోయాను. ఇలాంటివి నేను చెబుతూనే ఉంటాను. వయసు మళ్లాక పట్టిన అలవాటు కాదు, పుట్టుకతో వచ్చింది. కాసేపటికి ఒప్పేసుకోవడం కూడా పుట్టుకతో వచ్చిందే. ఒక్కటి మాత్రం అరవై ఏళ్లుగా ఒప్పుకోలేదు. అది ఒప్పుకుందామనే ఈ ప్రయాణం పెట్టుకున్నాను.

ఆండాళు ఇల్లు మదురైలో మనవాళ్ల పాత వీధిలో ఉంది. నాయక రాజుల కాలంలో వచ్చినవాళ్లమని చెప్పుకునే ఇళ్లు అవి. ఇప్పుడు ఆ వీధిలో తెలుగు మాట్లాడేవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఆమె మనవరాళ్లు నేను తెలుగులో అడిగినదానికి తమిళంలో జవాబు చెప్పి ఫోన్లలోకి వెళ్లిపోయారు. గోడ మీద పెద్దనైన ఫోటో, నల్ల కళ్లద్దాలతో. నేను దాని వంక చూడటం ఆండాళు చూసింది.

"ఏమి మనిషన్నా ఆయన! కళ్లు పోయినాయి, సరి, అది దేవుడు చేసింది. దొంగరాయి ఎందుకు పెట్టల్ల? ఆ వేలై ఉండి ఉంటే నేను ఇస్కూలు టీచరయ్యి ఉందును. ఈ పొద్దు నా పెన్షను నేను తింటా ఉందును," అంది.

వేలై అంటే ఉద్యోగం. ఈ తిట్టు ఆమె నోట కొత్తది కాదు. పెళ్లిలో అంది, పురిట్లో అంది, ఆయన పోయిన పదో రోజున కూడా అంది. ఆమె తండ్రిని క్షమించలేదు. క్షమించవలసింది ఆయన్ని కాదని తెలిసినవాడు బతికున్నవాళ్లలో నేనొక్కణ్ణే. అది చెప్పడానికి వెళ్లి, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వాన గురించి, వంకాయల ధర గురించి మాట్లాడుతూ కూర్చున్నాను. ఆమెకు ఏమి చెప్పాలో ముందు ఇక్కడ చెబుతాను.

మా కాలంలో కోయంబత్తూరులో గడియారం ఉన్న ఇల్లు తక్కువ, సంగు వినపడని ఇల్లు లేదు. సంగు అంటే మిల్లు కూత. పొద్దుటి సంగుకు పెద్దమ్మ పొయ్యి మీద ఎసరు పెట్టేది, రెండు గంటల సంగుకు నీళ్ల కుళాయి దగ్గర తగాదా మొదలయ్యేది. మిల్లు వెనక లైను ఇళ్లలో మా నైనవాళ్లది ఒక భాగం, పెద్దనైనవాళ్లది పక్క భాగం, వంట మాత్రం ఒకటే. ఉదయం రాగి సంగటి, మధ్యాహ్నం ఉలవచారు, చేతిలో డబ్బులున్న రోజున బియ్యం, పప్పు కలిపి వండిన అన్నం మీద పల్లీనూనె. ఆ అన్నంలో బియ్యం కంటే పంజు ఎక్కువ ఉండేదని నేను మనవలకు చెబుతుంటాను. పంజు అంటే పత్తి దూది. అంత ఉండేది కాదు. ఒక పోగో రెండు పోగులో తేలేవి, వేలితో తీసి గోడకు రాసేవాళ్లం. మేము కూర్చుని తినేచోట గోడకు గడ్డం మొలిచినట్టుండేది. ఇంట్లో ఎవరు దగ్గినా అటు తిరిగి చూసేవాళ్లం కాదు. ఎవరి దగ్గు ఎవరిదో చీకట్లో కూడా పోల్చగలం.

మా నైన బ్లోరూములో పనిచేసేవాడు. బేళ్లు విప్పి, ఒక్కో బేలు నుంచి ఒక్కో పొర తీసి కలిపేచోటు అది. ఒక లాటు తక్కువపడితే దానికి దగ్గరగా ఉన్న పత్తి ఇంకో లాటు నుంచి తెచ్చి సరిపెట్టేవాళ్లు. నేల మీద ఊడ్చిన పంజు కూడా దులిపి మళ్లీ అందులోకే వేసేవాళ్లు. "కలిసినాక ఎవురికి తెలుస్తుంది రా? నూలు నూలే," అనేవాడు నైన. అందులో మోసం ఏమీ లేదు, అది పని. ఎంత కంటికి ఆనకుండా కలిపితే అంత పనిమంతుడు. నేను ఇరవై ఏళ్లకు ఆ మిల్లులోనే బదిలీ కూలీగా చేరాను. అంటే రోజూ తెల్లవారి గేటు దగ్గర నిలబడాలి. ఎవరైనా రాకపోతే మేస్త్రీ మన పేరు పిలుస్తాడు, అందరూ వస్తే ఇంటికి పోవాలి. నన్ను చూడగానే మేస్త్రీ భయపడి ముందు నా పేరే పిలిచేవాడని ఊళ్లో చెప్పుకున్నాను. వారానికి మూడు రోజులు పిలిస్తే గొప్ప.

ఆ ఇంట్లో పంజు అంటని మనిషి పెద్దనైన ఒక్కడే. పేరు రంగసామి. ఆయన ఒంటి మీద తెల్లటి దూది బదులు బూడిదరంగు బురద ఉండేది. మిల్లు యజమానుల ఇంటివాళ్లే పెట్టిన కాలేజీలో, రాళ్ల చదువు చెప్పే విభాగంలో, రాయిని పలచగా కోసి అరగదీసే పని ఆయనది. రాయిని చిన్న పెచ్చుగా కోసి, ఒక ముఖం చదును చేసి, కెనడా బాల్సమ్ అనే బంకను వేడి చేసి అద్దం ముక్కకు అంటించేవాడు. ఆ బంక వాసన సాంబ్రాణిలా ఉండేది. పెద్దమ్మ ఆయన చొక్కాలు ఉతికేటప్పుడు "గుడికి పోయొచ్చినావా, పనికి పోయొచ్చినావా?" అని ఎత్తిపొడిచేది. అంటించాక రెండో ముఖాన్ని అద్దపు పలక మీద, తడిపిన కార్బోరండం పొడిలో, ఎనిమిది అంకె వేసినట్టు తిప్పుతూ అరగదీయాలి. రాయి తమలపాకు కంటే పలచనై, దాని గుండా వెలుగు రావాలి. ఆయన అరగదీసిన రాయి కింద పేపరు పెడితే అక్షరాలు చదవవచ్చు. ఇది పెంచి చెప్పింది కాదు.

"కండ్లతో చూసేది కాదు రా ఇది, చెవులతో," అనేవాడు. "ముందు గరగర అంటాది. పోతా పోతా సరసర అంటాది. ఆ సరసర గూడా సన్నబడినప్పుడు చెయ్యి తీసెయ్యల్ల. ఇంకొక్క తిప్పు తిప్పినావో, గాజు ఉంటాది, రాయి ఉండదు." సున్నపురాయి అయితే మరీ మెత్తన, మరీ తొందరగా పోతుందట. పనిలోనే కాదు, నోట్లో కూడా ఆయనకు సున్నం పట్టింపు. తాంబూలంలోకి గుల్ల సున్నమే కావాలి, రాతి సున్నం నాలుక కోస్తుందనేవాడు.

పన్నెండేళ్లుగా ఆయన ఉద్యోగం టెంపరరీ. ఆ చిత్తిరై నెలలో, అంటే చైత్రంలో, పర్మనెంటు ఆర్డరు వస్తుందని ఆ విభాగం ప్రొఫెసరు చెప్పాడు. ఆర్డరు వస్తే ఆండాళును టీచరు ట్రైనింగుకు పంపిస్తానని పెద్దనైన అందరి ముందూ అన్నాడు. లైను ఇళ్లలో ఆడపిల్ల చదువు పదకొండో క్లాసు దాకా వెళ్లడమే అప్పటికి వింత. ఆండాళు ఆ మాట విన్న రోజు నుంచి కుళాయి దగ్గర వరసలో నిలబడ్డ చిన్నపిల్లలకు బొగ్గుముక్కతో గోడ మీద అక్షరాలు చెప్పడం మొదలుపెట్టింది. కుళాయికి నీళ్లొచ్చినా ఎవరినీ వదిలేది కాదు.

అప్పుడే కాశ్మీరు నుంచి రాళ్లు వచ్చాయి. ప్రొఫెసరుతో కలిసి నేనూ కాశ్మీరు వెళ్లాననీ, మంచులో గుర్రం మీద రాళ్ల మూటలు మోసుకొచ్చాననీ మిల్లు కేంటీనులో ఎన్నోసార్లు చెప్పాను. ఒకసారి గుర్రం జారి లోయలో పడింది కూడా. నేను వెళ్లింది రైల్వే గూడ్సు షెడ్డు దాకా. అక్కడ పాలపొడి పెట్టెల్లో, ఉర్దూ పేపర్లలో చుట్టిన రాళ్లను చేతిబండి మీద కాలేజీకి తోశాను. పెద్దనైన వెనక నడిచాడు. కాశ్మీరు ఎలా ఉంటుందో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ రాళ్ల సంగతి ప్రొఫెసరు పెద్దనైనకు చెప్పాడు, పెద్దనైన భోజనాల దగ్గర మాకు చెప్పాడు. ఆ కొండ ఒకప్పుడు సముద్రం అడుగు. బురద మీద బురద పేరుకుని రాయి అయింది, ఆ రాయి లేచి కొండ అయింది. ప్రొఫెసరు అడుగు నుంచి పైకి ఒక్కో పొర నుంచి ఒక్కో రాయి తీసి వరసగా నంబర్లు వేశాడు. కింది రాళ్ల నిండా గుల్లలు, పూలకాడల్లాంటి జీవులు, జల్లెడ ముక్కల్లాంటి జీవులు.

"ఇరవై రెండు దాకా మన సంతే," అన్నాడు పెద్దనైన, ముద్ద కలుపుతూ. "కాలు పెట్టేదానికి చోటుండదు. ఇరవై నాలుగులో చూస్తే సంత లేదు. ఒకటో అరో చిన్న గుల్ల, అది గూడా కాగితం మాదిరి. భూమి మీద ఇంత పెద్ద సావు ఇంకెప్పుడూ జరగలేదంట."

"తినేటప్పుడు సావుల మాటలేంది?" అంది పెద్దమ్మ.

ఆండాళు మాత్రం చెయ్యి ఆపి అడిగింది. "అందురూ ఒకేసారి చచ్చిపోయినారా నైనా, మెల్లమెల్లగానా?"

"అదే తెలియాల. మధ్యలో ఇరవై మూడు ఉండాది చూడు, గోరంత పొర. అది చెప్పాల."

ఇక ఆయన కళ్ల సంగతి. మొదట దీపం చుట్టూ రంగుల వలయం కనిపిస్తోందన్నాడు. తరవాత పక్కన పెట్టిన బిందెను తన్నుకుని పడ్డాడు. ఎదురుగా ఉన్నది కొంత కనిపించేది, అదీ పొగలోంచి చూసినట్టు. కంటి నరం చచ్చిపోతోందని, పోయింది తిరిగి రాదని చాలా కాలం తరవాత డాక్టర్లు చెప్పారు. అప్పటికి మాకు తెలిసిందల్లా ఒకటే, ఆర్డరు వచ్చేదాకా ఈ సంగతి కాలేజీలో తెలియకూడదు. ఆయన చెప్పింది నాకొక్కడికే. గేటు దగ్గర పేరు పిలవని రోజుల్లో ఖాళీగా ఉండేవాణ్ణి నేనే కదా. సగం అరగదీసిన అద్దాలను ఆయన బిస్కెట్ల డబ్బాలో పెట్టి ఇంటికి తెచ్చేవాడు. పెరట్లో ఎండ పడేచోట పలక పెట్టుకుని చివరి అరుగు నేను తీసేవాణ్ణి. ఆయన పక్కన కూర్చుని, తల వంచి, నీళ్లు చిలకరిస్తూ వినేవాడు. "ఆపు" అంటే ఆపాలి. నా కళ్లు, ఆయన చెవులు. ఆరు నెలలు ఇలా నడిచింది. ఇంట్లోవాళ్లు నేను ఆయనకు సాయం కూర్చున్నాననే అనుకున్నారు.

ఒకరోజు డబ్బాలో ఇరవై మూడు వచ్చింది. ఆ పొర నుంచి తెచ్చిందే కొంచెం. ఒక ముక్కను ప్రొఫెసరు విదేశంలో ఉన్న తన గురువుకు పంపాడు. ఇంకొక ముక్కతో చేసిన అద్దం పగిలిపోయింది. మిగిలిన వక్కంత ముక్కను కోసి అంటించారు, అంతే, ఇంక లేదు. పెద్దనైన ఎవరిదో కర్మకు పోతూ డబ్బా మీద చెయ్యి పెట్టి చెప్పాడు. "ఇది నేను వచ్చినాక చేద్దాం. అంతవరకు ముట్టొద్దు."

ముట్టాను. ఆరు నెలల్లో నా చెయ్యి ఆయన చెయ్యి కంటే బాగా తిరిగిందని నాకు నమ్మకం. ఆయన వచ్చేసరికి చేసి చూపించాలి, ఆయన తడిమి చూసి ఆశ్చర్యపోవాలి. గరగర పోయింది, సరసర వచ్చింది. ఇంతలో రెండు గంటల సంగు కూసింది. మా ఇల్లు మిల్లు గోడకు ఆనుకునే ఉంది, సంగు కూస్తే గిన్నెలు అదిరేవి. ఆ మోతలో నా చేతి కింద రాయి ఏమంటోందో వినపడలేదు. సంగు ఆగాక ఏ చప్పుడూ లేదు. అద్దం తిప్పి ఎండకు పెట్టాను. గాజు ఉంది. మూలన గోకిన 23 అనే అంకె ఉంది. తప్పు సంగుది అని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. సంగు కూసేది ఒక్క నిమిషం. ఆ నిమిషం చెయ్యి తీసి పక్కన పెట్టి ఉండవచ్చు.

పలక మీద బూడిదరంగు బురద ఒక బొట్టు మిగిలింది. వేలితో తీసి చూశాను. ఊడ్చిన పంజు దులిపి మళ్లీ వేసినట్టు వేసేదైతే వేసేవాణ్ణే. ఏడవలేదు, పరిగెత్తలేదు. నేను చేసింది మిల్లువాడు చేసే పని. లాటు తక్కువపడింది, దగ్గరి లాటు నుంచి సరిపెట్టాలి. ఇరవై నాలుగులో పెద్దగా ఏమీ లేదని పెద్దనైనే చెప్పాడు కదా, దాన్నంటిన ఇరవై మూడులో మాత్రం ఏముంటుంది, ఏమీ లేని సున్నపురాయి మనకు దొరకదా? సైకిలెక్కి మధుక్కరై దారిలో వెళ్లాను. అక్కడ కొండ నుంచి సున్నపురాయి తవ్వి లారీల్లో తోలుతారు, దారి పొడుగునా రాలిన ముక్కలు. సన్నగా, నల్లగా ఉన్నదాన్ని ఏరుకుని తెచ్చాను. పెద్దనైన దగ్గరున్న యాసిడ్ సీసాలోంచి ఆ రాయి మీద ఒక చుక్క, పలక మీది బురద మీద ఒక చుక్క వేశాను. రెండూ ఒకే తీరున బుసబుసమని పొంగాయి. ఇంకేం కావాలి? పలచని పెచ్చు రాలగొట్టి, ముతక పొడి మీద చదును చేసి, అదే అద్దానికి అదే అంకె పక్కన అంటించి అరగదీశాను. ఈసారి బాగా కుదిరింది. పాతవాటి కంటే అందంగా మెరిసింది కూడా.

సాయంత్రం పెద్దనైన వచ్చి అద్దాన్ని బొటనవేలితో మెల్లగా తడిమాడు.

"ముట్టొద్దంటిని కదరా."

"బాగా వచ్చింది పెద్దనైనా."

ఇంకోసారి తడిమాడు. "వచ్చింది రా. నీకు చెయ్యి పడింది," అన్నాడు. ఆ మెప్పు కోసమే కదా ఇదంతా. తల వంచుకుని తీసుకున్నాను.

మర్నాడు ఆయనతో కాలేజీకి వెళ్లాను. అప్పటికే మెట్ల దగ్గర ఆయనకు ఒక మనిషి కావలసి వచ్చేది, అద్దాల ట్రే నేను పట్టుకున్నాను. ప్రొఫెసరు ఇరవై రెండును మైక్రోస్కోపు కింద పెట్టి తల ఆడించాడు. ఇరవై మూడు పెట్టాడు. చాలాసేపు తల ఎత్తలేదు. అద్దాన్ని తీసి అంకె చూశాడు, మళ్లీ పెట్టాడు. ఆయన తమిళాయన, ఎప్పుడూ గొంతు పెంచడు.

"రంగసామీ, ఇంగే వా," అని పిలిచాడు. "ఇందులో ఏముందో చూసి చెప్పు."

పెద్దనైన వంగి కన్ను ఆనించాడు. కాసేపు చూసినట్టు ఉన్నాడు. "నల్లటి సన్న బురద సార్. ఒకటి రెండు చిన్న గుల్లలు," అన్నాడు. అందులో ఏముండాలో అది చెప్పాడు, పన్నెండేళ్ల అనుభవంతో.

ప్రొఫెసరు ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. "అది పటికబెల్లం పగలగొట్టినట్టు మెరుస్తోంది రంగసామీ. ఒకటో క్లాసు పిల్లకు కూడా కనిపిస్తుంది. ఎన్నాళ్లయింది నీకు కళ్లు కనపడక?"

"ఒక సంవత్సరం సార్."

గది నిండా యాసిడ్ వాసన. బయట ఎవరో పిల్లలు నవ్వుకుంటూ పోయారు. ప్రొఫెసరు కుర్చీలో కూర్చున్నాడు. "ఇది మధుక్కరై రాయి. ఇది కూడా ఒకప్పుడు సముద్రపు బురదే కావచ్చు. కానీ భూమి లోపల ఉడికి ఉడికి, తనలో ఎవరున్నారో ఎవరు లేరో దానికే గుర్తు లేదు. ఇరవై మూడు అలాంటిది కాదు. అందులో ఎవరెవరు లేకుండా పోయారో, ఏ వరసలో పోయారో రాసి ఉంటుంది. రెండూ ఖాళీయే అనుకున్నారు మీరు." అద్దాన్ని తీసి బల్ల మీద పెట్టి అన్నాడు. "కళ్లు పోవడం తప్పు కాదు. స్టోర్‌లో కూర్చోబెట్టి అయినా నీకు ఆర్డరు ఇప్పించి ఉండేవాణ్ణి, ఇప్పుడైనా ఇప్పిస్తాను. కానీ ఈ దొంగరాయి పెట్టినవాడు ఈ గదిలోకి మళ్లీ రాకూడదు. ఎవరు పెట్టారు?"

అప్పుడు నేను ముందుకు వచ్చి, నేనే సార్, అన్నాను. ఇలా పెద్దనైన తప్పు నా మీద వేసుకున్నానని పెళ్లయిన కొత్తలో నా భార్యకు చెప్పాను. అనలేదు. ట్రేను గట్టిగా పట్టుకున్నాను, అంతే.

"నేనే సార్," అన్నాడు పెద్దనైన.

ప్రొఫెసరు నా వంక చూశాడు. ఆయనకు అర్థమైందనే అనుకుంటాను. కానీ చెప్పిన మాటను తోసిపుచ్చలేదు.

ఇంటికి వచ్చేటప్పుడు ఆయన సైకిలు వెనక కూర్చున్నాడు, నేను తొక్కాను. సింగానల్లూరు చెరువు వచ్చింది. "ఎందుకు పెద్దనైనా?" అన్నాను అప్పుడు, ముందుకు చూస్తూనే.

"కాలేజీ ఎవురిది? మిల్లు ఎవురిది? ఒకే ఇంటోళ్లది. నీ పేరు చెప్పితే రేపు గేటు దగ్గర నీ పేరు పిలవరు. మీ నైన దగ్గేది వింటా ఉండావు కదా, ఇంకెన్నాళ్లు బేళ్లు ఎత్తుతాడు? మీ ఇంట్లో ఇంకెవురుండారు? తొక్కు. ఇంట్లో ఎవురికీ చెప్పొద్దు."

ఆండాళు సంగతి నేను అడగలేదు. ఆయనా చెప్పలేదు.

ఆ చిత్తిరైలో ఆయనకు రాని ఆర్డరు మరుసటి ఏడు నాకు మిల్లులో వచ్చింది. ఆండాళు బడి మాని అదే మిల్లులో రీలింగులో చేరింది, నూలును చిలపలుగా చుట్టే ఆడవాళ్ల హాలు అది. ఇద్దరం ఒకే సంగుకు బయలుదేరేవాళ్లం. సాయంత్రం వచ్చేటప్పుడు పదహారేళ్ల పిల్ల జుట్టు పంజుతో ముసలిదాని జుట్టులా తెల్లగా ఉండేది. కుళాయి దగ్గర గోడ మీద ఆమె రాసిన అక్షరాలు చాలాకాలం చెరగలేదు, ఆమె అటు చూసేది కాదు. పెద్దనైన తిన్నె మీద కూర్చుని, ఎవరు నడిచినా అడుగుల చప్పుడు బట్టి పేరు చెప్పి పలకరించేవాడు. ఆండాళు అడుగులకు మాత్రం ముందుగా పలకరించేవాడు కాదు. ఆమె పలకరిస్తుందేమోనని చూసేవాడు. పెళ్లయి మదురై వెళ్లినప్పుడు ఆయన్ని కూడా తీసుకుపోయింది, చివరిదాకా అన్నం పెట్టింది. పెడుతూ తిట్టింది, తిడుతూ పెట్టింది.

భూమి మీద జరిగిన పెద్ద చావు రహస్యాన్ని నా ఈ చేత్తోనే అరగదీసి నీళ్లలో కలిపేశానని, నావల్ల ప్రపంచం ఒక జవాబు పోగొట్టుకుందని చాలా రోజులు ఒకరకం గర్వంతోనే బాధపడ్డాను. మనవడు మొన్న ఫోనులో వెతికి చెప్పాడు. చైనాలో ఒక కొండలో అవే పొరలు ఇంకా బాగా ఉన్నాయట, ఎంతోమంది చూశారట. ఆ చావు చాలా వేగంగానే జరిగిందట. వేగం అంటే వాళ్ల లెక్కలో వేల ఏళ్లు. నేను పోగొట్టింది ప్రపంచానికి అక్కరలేదు. మా మిల్లులు కూడా ఒక రోజున పోలేదు. మొదట మూడో షిఫ్టు ఆపారు. తరవాత బదిలీలను పిలవడం మానేశారు. తరవాత జీతం నెల విడిచి నెల. ఒక పొద్దున సంగు కూయలేదు, ఎసరు పెట్టడానికి లేచిన ఆడవాళ్లు చాలాసేపు అలాగే కూర్చున్నారు. ఇప్పుడు అక్కడ అపార్టుమెంట్లు. గేటు దగ్గర మేము నిలబడేచోట ఇప్పుడు కార్లు తిరుగుతాయి. దగ్గు తగ్గింది, అది మాత్రం మేలే. పిల్లలు బాగున్నారు, కడుపునిండా తింటున్నారు, మా మాట మాత్రం వాళ్లకు రాదు. ఎప్పుడు పోయిందో ఏ ఇంట్లోనూ ఎవరూ చెప్పలేరు.

మదురైలో సాయంత్రం అయింది. ఆండాళు ముందర గిన్నె పెట్టుకుని మునగాకు దూస్తోంది. అప్పుడు చెప్పాను. ఈసారి ఏదీ పెంచలేదు. సంగు, బురద, మధుక్కరై, ట్రే, అన్నీ ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆమె మధ్యలో ఒక్కసారే అడ్డం వచ్చింది.

"నువ్వా? నువ్వు పక్కన నీళ్లు పోస్తా ఉండినావు కదన్నా. నేను చూసినాను."

"నీళ్లు పోసింది మీ నైన. తిప్పింది నేను. ఆయనకు కనపడలా."

అంతా విన్నాక నవ్వింది. "ఎనభై ఏండ్లొచ్చినా నీ బుద్ధి పోలా. నైన మీద జాలి పుట్టి కథ కట్టినావు."

"కథ కాదు ఆండాళూ. ప్రొఫెసరు అడిగినప్పుడు నేను పక్కనే ఉన్నాను. నా పేరు చెప్పింటే మీ నైనకు స్టోర్లో వేలై ఇస్తానన్నాడు."

"స్టోర్లో ఇస్తానన్నాడా?" ఆకు దూసే చెయ్యి ఆగింది. "నిజంగా అన్నాడా?"

"అన్నాడు."

"మరి నైన నీ పేరు ఎందుకు చెప్పలా?"

"నా మిల్లు వేలై పోతుందని."

ఆమె గిన్నె వంక చూస్తూ అడిగింది. "నీ పేరు చెప్పింటే నైన వేలై నిలిచి ఉండునా?"

"ఉండును."

"నేను చదువుకొని ఉందునా?"

లోపల మనవరాలి ఫోనులో ఏదో పాట మొదలై మధ్యలో ఆగిపోయింది. ఆయన మంచితనం చెప్పి ఆమె మనసు తేలిక చేద్దామని వచ్చినవాణ్ణి, ఆమె ముఖం చూసి నేను చేసిన పనేమిటో అప్పుడు తెలుసుకున్నాను.

"అరవై ఏండ్లు తిట్టినాను అన్నా ఆయన్ని," అంది. "తెలివి లేదు, చేతకాదు అని. అన్నం పెడతా గూడా తిట్టినాను. తలకాయ వంచుకుని తినేవాడు. ఇప్పుడు ఏమని తిట్టేది? నిన్నొక తట్టలో నన్నొక తట్టలో పెట్టి తూచినాడు, నీ తట్టే బరువనిపించిందనా? చేతకాని నైనతో నేను ఇన్నాళ్లూ బతికేసినాను. ఈ నైనతో నేనేం చేసేది?"

"ఆండాళూ..."

"నువ్వు అన్నీ పెంచి చెప్పేవాడివి కదా. ఇది గూడా పెంచిందే అని చెప్పు."

నేను గోడ మీది ఫోటో వంక చూశాను.

"చెప్పన్నా."

"పెంచిందే," అన్నాను. "మీ నైనే పెట్టినాడు ఆ రాయి. నేను నీళ్లు పోసినాను, అంతే."

"అట్ల చెప్పు," అంది. లోపలికి తిరిగి మనవరాలిని తమిళంలో కేకేసింది, తాతకు కాఫీ కలపమని, ఈ తాత కథలు బాగా చెప్తాడని. మళ్లీ కొమ్మ అందుకుని ఆకు దూయసాగింది. ఇందాకటిలా చెయ్యి ఆడటం లేదు. గిన్నెలో ఆకూ పుల్లలూ కలిసే పడుతున్నాయి.